ఏపీఐ లేని పోర్టల్‌కి ఫైళ్లు: కోడ్‌తో నేరుగా పోస్ట్ చేయాలా, బ్రౌజర్‌ని నడిపించాలా?

పోర్టురోడ్_పైథాన్:
అందరికీ నమస్కారం. విశాఖలో కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఎగుమతుల కాగితాలు చూసే చిన్న ఆఫీసులో పనిచేస్తున్నా. రొయ్యల కంటైనర్లే ఎక్కువ. ఒక్కోదానికీ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ల్యాబ్ రిపోర్టు, ఇలా ఐదారు పీడీఎఫ్‌లు ఒక కొనుగోలుదారు పోర్టల్‌లో ఎక్కించాలి. వాళ్లకి ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా మాట్లాడుకునే దారి) లేదు. మా ఆఫీసులో ఇద్దరు అమ్మాయిలు రాత్రి ఎనిమిదింటి దాకా 'చూజ్ ఫైల్' నొక్కుతూ కూర్చుంటారు. చూడలేక పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీతో ఒక స్క్రిప్టు రాశా. లాగిన్ అవుతుంది, ఫారం పేజీ తెచ్చుకుని అందులో దాచిన టోకెన్ తీసుకుంటుంది, ఫైళ్లతో కలిపి బ్రౌజర్ లేకుండా సర్వర్‌కి పోస్ట్ చేస్తుంది. ప్రతిసారీ 200, అంటే 'ఓకే' అనే జవాబు, వస్తోంది. తీరా మర్నాడు చూస్తే పది సెట్లలో రెండు మూడింటికి ఫైలే లేదు! మా మేనేజరు గారి బావమరిది "ఈ తిప్పలన్నీ ఎందుకు, ప్లేరైట్ పెట్టి బ్రౌజర్‌నే నడిపించు" అంటున్నాడు. మీరేమంటారు?

పాతసర్వర్_సీతమ్మధార:
నేరుగా పోస్టే. ఫారం అంటే బ్రౌజర్ చేసే ఇంద్రజాలం ఏమీ కాదు. ఫైళ్లు పంపే పద్ధతి 1995లోనే ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో రాసి పెట్టారు, ఇప్పటికీ మూలం అదే. వైరు మీద వెళ్లేదేంటో ఒక్కసారి కళ్లారా చూడు, భయం పోతుంది. ముందు రెండు గీతలు, వాటిని ఆనుకుని ఒక హద్దు మాట. కింది లైన్లో ఈ భాగం ఏ ఫీల్డుది, ఫైలు పేరేంటి. దాని కింద ఫైలు రకం. ఒక ఖాళీ లైను. ఆ తర్వాత పీడీఎఫ్ బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా. మళ్లీ రెండు గీతలు, అదే హద్దు మాట, తర్వాతి ఫీల్డు. అన్నీ అయ్యాక ఆఖరి హద్దు మాటకి వెనక కూడా రెండు గీతలు. గూడ్సు బండిలో వ్యాగన్‌కీ వ్యాగన్‌కీ మధ్య కప్లింగు ఉంటుంది చూడు, అంతే, చివర గార్డు పెట్టె.

ఆ హద్దు మాట ఏంటో పైన కంటెంట్-టైప్ హెడర్లో చెప్పాలి. జనం బోల్తా పడేది ఇక్కడే. ఆ హెడర్‌ని సొంతంగా 'మల్టీపార్ట్ ఫారం-డేటా' అని రాసేస్తారు, హద్దు మాట రాయరు. లైబ్రరీ ఒక హద్దు తయారు చేసుకుంటుంది, అవతలి సర్వర్‌కి అదేంటో తెలీదు. నువ్వూ అదే చేసుంటావు. ఆ లైను తీసెయ్, లైబ్రరీయే సరిగ్గా పెట్టుకుంటుంది.

పోర్టురోడ్_పైథాన్:
ఆ హెడర్ నేను పెట్టలేదండి. పైగా హద్దు మాట లేకపోతే ఒక్క సెట్టు కూడా వెళ్లకూడదు కదా? ఏడెనిమిది శుభ్రంగా వెళ్తున్నాయి.

పాతసర్వర్_సీతమ్మధార:
నిజమే. వెనక్కి తీసుకుంటున్నా.

రుషికొండ_టెస్టర్:
పాతసర్వర్ గారూ, మీరు చెబుతున్నది 1995 నాటి ఫారం. ఇప్పటి పేజీలు అలా లేవండి. నేను ఈమధ్య చూసిన ఒకదాంట్లో ఫైలు ఎంచుకోగానే జావాస్క్రిప్టు దాన్ని ముందు వేరే అడ్రసుకి పంపేసి, అక్కడి నుంచి వచ్చిన నంబరుని దాచిన ఫీల్డులో పెట్టి, అప్పుడు ఫారం పంపుతోంది. డాట్‌నెట్ పాత పేజీలైతే వ్యూస్టేట్ అని కొండవీటి చాంతాడంత ఫీల్డు, డ్రాప్‌డౌన్ మార్చినప్పుడల్లా అదీ మారుతుంది. ఇవన్నీ కోడ్‌లో చేత్తో అనుకరించే బదులు బ్రౌజర్‌ని నడిపిస్తే పోలేదా? మనిషి ఏం చేస్తాడో అదే చేస్తుంది.

పాతసర్వర్_సీతమ్మధార:
బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ ఉన్నది ఎందుకు? ఒకసారి చేత్తో సబ్మిట్ చేసి, ఆ రిక్వెస్టుని కర్ల్ కమాండ్‌గా (టెర్మినల్ నుంచి మళ్లీ పంపగలిగే ఆదేశంగా) కాపీ చేసుకుంటే మీ జావాస్క్రిప్టు గుట్టంతా బయటపడుతుంది. మీ బ్రౌజర్ సంగతి నాకు తెలీదనుకోకండి. 1 జీబీ సర్వర్ మీద క్రోమ్ పెట్టి నడిపించి చూశా. డాకర్‌లో (ప్రోగ్రాముని విడి పెట్టెలో నడిపే సాధనం) షేర్డ్ మెమరీ మామూలుగా 64 ఎంబీ ఉంటుంది, ఆ సంగతి పట్టించుకోకపోతే పెద్ద పేజీ రాగానే ట్యాబ్ చచ్చిపోతుంది. ఆ పైన "5 సెకన్లు ఆగు, బటన్ కోసం చూడు, ఇంకో 5 సెకన్లు ఆగు". అది ప్రోగ్రామా, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం ఎదురుచూపా?

రుషికొండ_టెస్టర్:
సెకన్లు లెక్కపెట్టి ఆగేది ప్లేరైట్ రాకముందు సంగతి. ఇప్పుడది బటన్ నొక్కడానికి సిద్ధంగా ఉందో లేదో తనే చూసుకుంటుంది.

ఎంవీపీ_మేడమ్:
మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ, ఆ అబ్బాయి "200 వస్తోంది" అన్న చోట ఎవరూ ఆగలేదేం? తమ్ముడూ, 200 అంటే ఏదో ఒక పేజీ తిరిగొచ్చిందని మాత్రమే. "దయచేసి ఫైల్ జతచేయండి" అని ఎర్ర అక్షరాలతో ఫారాన్నే మళ్లీ చూపించే పేజీ కూడా 200తోనే వస్తుంది. వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని ప్రతిసారీ ఒక ఫోల్డర్లో దాచు. అందులో రసీదు నంబరు ఉంటేనే పని అయినట్టు. నంబరు లేదా, ఎక్కలేదన్నట్టే.

ఇంకోటి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ తర్వాత వారమంతా మాకు నెట్ వచ్చీ రాక. అప్పుడు మా స్క్రిప్టుకి టైమ్‌అవుట్ అయితే మళ్లీ పంపమని రాసి ఉంది. అవతల ఫారం చేరింది, జవాబు మాత్రం తిరిగి రాలేదు. మా స్క్రిప్టు పాపం చేరలేదనుకుని మళ్లీ పంపింది. ఒకే ఇన్‌వాయిస్ నాలుగుసార్లు నమోదైంది. వాటిని రద్దు చేయించడానికి నేను పెట్టుకున్న ఫోన్లు నాకే తెలుసు. టైమ్‌అవుట్ అయితే మళ్లీ పంపే ముందు ఆ ఇన్‌వాయిస్ నంబరుతో పోర్టల్‌లో వెతికించు, లేదంటేనే పంపు. నువ్వు బ్రౌజర్‌తో చేసినా, నేరుగా పోస్ట్ చేసినా ఈ గండం ఒకటే.

గాజువాక_నెట్:
ఫైళ్ల సైజెంత? ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌లో ఏమీ మార్చకపోతే మొత్తం రిక్వెస్టు 1 ఎంబీ దాటితే 413, అంటే 'మరీ పెద్దది' అనే జవాబుతో తిరిగొస్తుంది. పీహెచ్‌పీలో ఫైలుకి మామూలు పరిమితి 2 ఎంబీ, అక్కడైతే 413 ఉండదు, చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. స్కానర్ 600 డీపీఐలో పెడితే అంతే మరి.

పోర్టురోడ్_పైథాన్:
అన్నీ కలిపినా 1 ఎంబీ లోపేనండి. మేడమ్ చెప్పినట్టు పేజీలు దాచి చూశా. తప్పిపోయిన వాటన్నిటిలో "అటాచ్‌మెంట్ లేదు" అని ఎర్ర లైను ఉంది, నేనే చూసుకోలేదు. ఇంకో సంగతి కనపడింది. తప్పిపోయినవన్నీ ఒక్క అమ్మాయి స్కాన్ చేసినవే. ఆవిడ ఫైళ్లకి "భీమిలి చెరువు ల్యాబ్ రిపోర్టు" అని తెలుగులో పేర్లు పెడుతుంది. ఇంగ్లీషు పేర్లున్నవి ఒక్కటీ తప్పలేదు.

పాతసర్వర్_సీతమ్మధార:
దొరికింది! నీ లైబ్రరీ బాగా పాతదై ఉండాలి. పాత వెర్షన్లు ఫైలు పేరులో తెలుగు లాంటి అక్షరాలు చూస్తే మామూలు 'ఫైల్‌నేమ్' బదులు, చివర నక్షత్రం గుర్తు తగిలించిన ఇంకో రకం రాసి, అక్షరాలన్నిటినీ శాతం గుర్తులుగా మార్చి పంపేవి. ఫారాల్లో ఆ నక్షత్రం పద్ధతి వాడకూడదని 2015లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7578 తేల్చి చెప్పింది. అవతల చాలా సర్వర్లు మామూలు 'ఫైల్‌నేమ్' కోసమే చూస్తాయి. అది కనపడకపోతే దాన్ని ఫైలుగానే లెక్కేయవు, ఏదో టెక్స్ట్ ఫీల్డు అనుకుంటాయి. లైబ్రరీ కొత్తది వేసుకో. లేదా పంపేటప్పుడు పేరుని ఇన్‌వాయిస్ నంబరుగా మార్చు. ఆ అమ్మాయి పేర్లని మాత్రం మార్చమనకు, తప్పు ఆవిడది కాదు.

రుషికొండ_టెస్టర్:
చూశారా! క్రోమ్ అయితే తెలుగు పేరుని తెలుగులోనే, అన్ని భాషల అక్షరాలకీ పనికొచ్చే యూటీఎఫ్-8లో పంపేది. ఈ గొడవే ఉండేది కాదు.

పాతసర్వర్_సీతమ్మధార:
అది ఒప్పుకుంటా. నేరుగా పంపేవాడు బ్రౌజర్ తెలివి అంతా తనే మొయ్యాలి. కానీ ఒక పాత లైబ్రరీ కోసం మొత్తం బ్రౌజర్‌ని అద్దెకి తెచ్చుకోమంటే ఎలా? పోర్టల్ సగం పని జావాస్క్రిప్టులో చేస్తుంటే నీ మాటే రైటు. ఈ అబ్బాయి ఫారం మామూలు ఫారం.

అక్కయ్యపాలెం_లాయర్‌గారబ్బాయి:
ఒక మాట. పోర్టల్ వాళ్లని అడిగారా? మా నాన్నగారి దగ్గర విన్నదే చెబుతున్నా. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43 మొదలయ్యేదే యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడం గురించి. మీకు లాగిన్ ఇచ్చారు కాబట్టి అనుమతి ఉన్నట్టే అని వాదించొచ్చు. కానీ ఆ లాగిన్ ఇచ్చింది ఆ అమ్మాయిలకి, మీ స్క్రిప్టుకి కాదు. వాళ్ల షరతుల్లో ఆటోమేషన్ వద్దని ఉంటే కొనుగోలుదారు మీ ఖాతానే మూసేయొచ్చు. రేపు వాళ్లు క్యాప్చా పెడితే, దాన్ని ఎలా దాటాలని ఇక్కడ అడగకండి దయచేసి.

పోర్టురోడ్_పైథాన్:
మెయిల్ పెట్టాం. రాత్రి 9 తర్వాత నడుపుకోమన్నారు, ఒక్కో ఫారానికీ మధ్య కాస్త విరామం ఇమ్మన్నారు. లైబ్రరీ కొత్తది వేశా, భీమిలి సెట్లు మూడూ వెళ్లాయి, రసీదు నంబర్లు ఎక్సెల్‌లో పడుతున్నాయి. నేరుగా పోస్ట్ పద్ధతే ఉంచేస్తున్నా. అమ్మాయిలు నిన్న ఆరింటికే ఇళ్లకి వెళ్లారు.

రుషికొండ_టెస్టర్:
సంతోషం. పోర్టల్ డిజైన్ మార్చిన రోజున మళ్లీ ఇక్కడికే వస్తారు చూడండి.

పాతసర్వర్_సీతమ్మధార:
వస్తే రానీండి. ఆ రోజు మీ బటన్ ఐడీ కూడా మారుతుంది.