సమస్యాపూరణం: మసిని పూసికొనిన మంచి జరిగె

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. విషయం పెప్పర్డ్ మాత్ అనే అడవి చిమ్మట. తెల్లని రెక్కల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు. రాత్రి ఎగురుతుంది, పగలంతా రెక్కలు పరిచి చెట్టుకు అతుక్కుని ఉంటుంది. లైకెన్ (బెరడు మీద పెచ్చులుగా పెరిగే నాచులాంటిది) పట్టిన బెరడు మీద ఉంటే పిట్టలు కూడా అంత తేలిగ్గా పోల్చుకోలేవు. ఇంగ్లండ్‌లో బొగ్గుపొగ కమ్మిన కాలంలో ఈ జాతికి ఏమైందో చదివి రాయండి. పురుగు బతుకుకు సరిపోని పద్యం ఎంత అందంగా ఉన్నా నేను ఒప్పుకోను.

మొదటి పూరణ (ఒక సభ్యురాలు):

పొగల యూరి చెంత పొదలలో చిమ్మట
తెల్లరెక్క లుండి తిండి యయ్యె;
పక్షి ముక్కు బారి పడకుండ రెక్కలన్
మసిని పూసికొనిన మంచి జరిగె.

నిర్వాహకుడు:
నడక హాయిగా ఉందమ్మా, యతులు కుదిరాయి. రెండో పాదం చాలా బాగుంది. చిక్కంతా భావంలోనే. చిమ్మట మసి పూసుకోలేదు. ఆ నలుపు ఈ జాతిలో కొన్నిటికి పుట్టుకతో వచ్చేది, పిల్లలకూ దిగేది. కార్టెక్స్ అనే జన్యువులో ఒక డీఎన్‌ఏ ముక్క చొరబడటమే కారణమని 2016లో తేల్చారు. మాంచెస్టర్‌లో 1848 నాటికి నల్లది దొరకడమే అరుదు. 1895 కల్లా అక్కడ నూటికి 98 నల్లవే! అలాగని ఏ చిమ్మటా తన రంగు మార్చుకోలేదు. తెల్లవి పిట్టల పాలవుతుంటే నల్లవి మిగిలి గుడ్లు పెట్టాయి. మీ ‘పడకుండ’ వల్ల పురుగు ఉపాయం పన్నినట్టయింది. ఇంకో మాట, ఇది వాలేది ఎక్కువగా కొమ్మల మీద, పొదల్లో కాదు.

సభ్యురాలు:
మరి దీని గొంగళిపురుగు రంగు మారుస్తుందంటారు కదండీ?

నిర్వాహకుడు:
మారుస్తుంది. వెనక కాళ్లతో కొమ్మను పట్టుకుని, ఒళ్లు బిగబట్టి, ఎండుపుల్లలా ఏటవాలుగా నిలబడుతుంది. చుట్టూ ఉన్న పుల్లల రంగును బట్టి కొన్నాళ్లలో పచ్చగానో గోధుమరంగుగానో అవుతుంది. పరిశోధకులు దాని కళ్లకు రంగు పూసి మూసేసినా సరిగ్గానే మారింది, అంటే చర్మంతో కూడా వెలుగును పసిగడుతోందన్నమాట. దాని మీద మీరే ఒక పద్యం రాయాలి, నేను ఎదురుచూస్తాను.

రెండో పూరణ (మరో సభ్యుడు):

బెరడు మీది తెల్ల పెచ్చులు రాలంగ
తెల్లరెక్క లన్ని తేటపడియె;
పుట్టు నలుపుతోడి పురుగుకు చెట్లెల్ల
మసిని పూసికొనిన మంచి జరిగె.

నిర్వాహకుడు:
భేష్! మసి పూసుకున్నది చెట్లు, మంచి జరిగింది చిమ్మటకు. సమస్య ముడి సరిగ్గా ఇక్కడే విడింది. ‘తెల్ల పెచ్చులు’ అంటే లైకెన్లు. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌కు అవి చచ్చిపోయాయి, తర్వాత మసి పేరుకుంది. రెండూ కలిస్తేనే బెరడు నల్లబడింది, మీరు రెండూ పట్టుకున్నారు. ‘పురుగుకు’ మాత్రం పద్యంలో పంటి కింద రాయి. పద్యభాషలో అది ‘పురుగునకు’ కావాలి, కానీ అలా అంటే గణం చెడుతుంది. ‘పురుగుల కడవెల్ల’ అని చూడండి, అడవి కూడా వచ్చి చేరుతుంది.

మూడో పూరణ (ఇంకో సభ్యురాలు):

గాలి తేటపడగ కరిచిమ్మటకు చేటు,
తెల్లదాని కేమొ తిరిగి బ్రతుకు;
నాడు మాత్రమె కద నలుపు రెక్కల కెల్ల
మసిని పూసికొనిన మంచి జరిగె!

రెండో పూరణ రాసిన సభ్యుడు:
అమ్మా, కథ రెండో సగం మీరు చెప్పారు! 1956లో అక్కడ పొగను అరికట్టే చట్టం, క్లీన్ ఎయిర్ యాక్ట్, వచ్చింది. పొగ తగ్గాక బెరడు తెల్లబడుతూ వచ్చింది, ఈసారి పిట్టలకు నల్లవి దొరికాయి. నాలుగో పాదంలో మసి పూసుకున్నది ఎవరో మాత్రం తెలియడం లేదు. ‘అడవి’ ఎక్కడైనా పడితే అన్వయం కుదురుతుంది.

నిర్వాహకుడు:
నేనూ అదే అనబోయాను. ‘నాడు మాత్రమె కద’ అన్న విరుపు నాకు బాగా నచ్చింది. అయినా అన్వయం తేలే దాకా నా ఓటు సవరించిన రెండో పూరణకే.