కొనుగోలుదారు కంపెనీకి మా సర్వర్‌లోకి లాగిన్ ఇవ్వవచ్చునా?

ప్రశ్న (కాశీబుగ్గ నుంచి)

అందరికీ నమస్కారం. పలాస–కాశీబుగ్గలో మాకొక జీడిపప్పు కార్ఖానా ఉంది. ఉద్దానం రైతుల దగ్గర 80 కిలోల బస్తాల లెక్కన పిక్కలు కొని, ఒలిపించి, గ్రేడు చేసి అమ్ముతాము. రైతుల పేర్లు, వారి బ్యాంకు ఖాతా నంబర్లు, ఎవరికి ఏ ధర కట్టామన్న లెక్క, గ్రేడులవారీ నిల్వ, అన్నీ కార్యాలయంలోని ఒకే సర్వర్‌లో ఉన్నాయి. మా సరుకులో ఎక్కువ భాగం కొనే కంపెనీ ఒకటి, 240, 320 గ్రేడుల నిల్వ ఏ రోజుకారోజు తమకు కనిపించాలని, అందుకు తమ సిబ్బందికి లాగిన్ ఇవ్వాలని అడుగుతోంది. ఇప్పటికే ఆడిటరు గారి కార్యాలయంవారు, సాఫ్ట్‌వేర్ వేసినవారు రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచే మా కంప్యూటర్‌ను తెరిచి వాడే పద్ధతి) ద్వారా ఒకే పాస్‌వర్డ్‌తో వచ్చి పని చేసుకుని వెళ్తున్నారు. కాదంటే పెద్ద బేరం పోతుంది. సరేనంటే రైతుకు మేము కట్టిన ధర కొనేవారి కంటపడుతుందేమోనని బెంగగా ఉంది. ఇలాంటి చోట ఏం చేస్తారో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (విజయనగరం నుంచి)

నేను ఒక జనపనార మిల్లులో కంప్యూటర్ల వ్యవహారం చూస్తాను. ఆ కంపెనీ చూడాలనుకుంటున్నది నిల్వ, మీరు ఇవ్వబోతున్నది సర్వర్. ఈ రెండింటినీ విడదీస్తే మీ బెంగ చాలావరకు తీరుతుంది. రోజూ సాయంత్రం గ్రేడు, బస్తాలు, తేదీ అనే మూడు వరుసలు మాత్రమే ఉన్న పట్టికను మీ సర్వర్ తనంతట తానే బయట వేరే చోట పెట్టేటట్టు చేయించండి. వారు అక్కడికి వచ్చి చూసుకుంటారు. ధాన్యం కొనడానికి వచ్చినవారికి నమూనా వాకిట్లోకి తెచ్చి చూపిస్తాము గానీ గాదె తాళం చేతికివ్వము కదా. అక్కడ కూడా కంపెనీ మొత్తానికి ఒక లాగిన్ కాకుండా, చూసే మనిషి పేరున ఒకటి, దానికి ఓటీపీ వంటి రెండో తనిఖీ, ముగిసే తేదీ తప్పక ఉండాలి.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీరు మాటవరసకు చెప్పిన రెండో సంగతి. రిమోట్ డెస్క్‌టాప్ నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే, అటువంటి యంత్రాల కోసం పగలూ రాత్రీ వెతుకుతూ పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే ముఠాలు ఉన్నాయి. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే దాడులకు ఇది బాగా వాడుకలో ఉన్న దారి. పైగా ఒకే పాస్‌వర్డ్ నలుగురి దగ్గర ఉంటే, రేపు లెక్కలో ఏదైనా మారినప్పుడు ఎవరు మార్చారో మీ సర్వర్ కూడా చెప్పలేదు. 2013లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల నుంచి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు పోయినప్పుడు, దొంగలు మొదట లోపలికి వచ్చింది ఆ సంస్థకు శీతలీకరణ పనులు చేసే ఒక చిన్న కంపెనీ లాగిన్‌తోనే. అంత పెద్ద సంస్థ తన గోడలు తాను కట్టుకుంది, కానీ పనివారికిచ్చిన దారి ఎక్కడిదాకా పోతుందో చూసుకోలేదు. కాబట్టి కొత్త లాగిన్ సంగతి తర్వాత చూడవచ్చు. ఈ వారమే పాత పాస్‌వర్డ్ మార్చి, రిమోట్ దారిని వీపీఎన్ (అనుమతి ఉన్నవారే రాగల రహస్య దారి) వెనక్కి తీసుకువెళ్ళండి.

జవాబు 2 (శ్రీకాకుళం నుంచి)

పై సలహాతో ఏకీభవిస్తూ, ఒప్పందం గురించి చెప్పదలిచాను. సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వాటిలో పేర్కొన్న సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లోపు సంస్థలు తెలియజేయాలి, లాగ్‌లను, అంటే ఎవరు ఎప్పుడు వచ్చి ఏం చేశారో కంప్యూటర్లు రాసుకునే నమోదులను, 180 రోజులు భద్రపరచాలి. ఘటన అవతలి కార్యాలయంలో జరిగి, వారు మీకు మూడు రోజులకు చెబితే మీ రైతులకు జరగవలసిన నష్టం అప్పటికే జరిగిపోతుంది. అందువల్ల ఎన్ని గంటల్లో, ఎవరికి, ఏ ఫోనుకు చెప్పాలో రాసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మీ తరఫున వివరాలను చూసే ఆడిటరు గానీ సాఫ్ట్‌వేర్ సంస్థ గానీ పొరపాటు చేసినా బాధ్యత మీదే. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. రైతు తన ఖాతా నంబరు మీకు ఇచ్చింది డబ్బు వేయడానికి మాత్రమేనన్నది మరువకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న కూర్చుని చూస్తే, రెండేళ్ళ క్రితం మానేసిన గుమస్తా పేరున కూడా లాగిన్ తెరిచే ఉంది. చాలా బాధ కలిగింది, వెంటనే మూసివేయించాను. మూడు వరుసల పట్టికకు కంపెనీవారు ఒప్పుకునేలా ఉన్నారు. అయితే తమకు ఐఎస్‌ఓ 27001 (సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ ఉందని, కనుక వేరే షరతులు అక్కరలేదని అంటున్నారు. ఇది సరిపోతుందా? సాఫ్ట్‌వేర్ వారు కూడా మరమ్మతుకు ఎప్పుడైనా రావాలంటున్నారు.

జవాబు 1 రాసినవారు

సర్టిఫికెట్ ఉండటం మంచిదే, కానీ దాని మీద స్కోపు (అది ఎంతవరకు వర్తిస్తుందన్నది) అని రాసి ఉన్న వాక్యం చదవండి. అది వారి ప్రధాన కార్యాలయానికి మాత్రమే వర్తిస్తూ, మీ నిల్వ చూసే కొనుగోలు విభాగం వేరే ఊరిలో ఉంటే, ఆ కాగితం మీ పనికి రాదు. సరఫరాదారులతో భద్రతా ఒప్పందాలు రాసుకోవాలన్న నియంత్రణ ఆ ప్రమాణపు 2022 కూర్పులోనే ఉంది కనుక, షరతులు అక్కరలేదనడానికి ఆ సర్టిఫికెట్‌ను కారణంగా చూపడం కుదరదని మర్యాదగానే చెప్పవచ్చు. సాఫ్ట్‌వేర్ వారి లాగిన్‌ను మామూలుగా ఆపివేసి ఉంచండి. వారు ఫోను చేసినప్పుడు, మీ దగ్గర ముందే ఉన్న నంబరుకు తిరిగి ఫోను చేసి నిర్ధారించుకుని, ఆ పూటకు తెరిచి, పని ముగియగానే మూయండి. తెరిచిన సమయం, మూసిన సమయం, వచ్చిన మనిషి పేరు ఒక పుస్తకంలో రాసే బాధ్యత మీ కార్యాలయంలో ఒక్కరికే అప్పగించండి.