నిమ్మతోటల పక్కన సీతాకోకచిలుకలకు కరివేపాకు పెంచొచ్చా?

మిద్దెతోట: నెల్లూరు జిల్లా పొదలకూరు పక్కన ఇంటి వెనక మూడు సెంట్ల ఎర్రనేల. సీతాకోకచిలుకల కోసం నాలుగు కరివేపాకు, ఒక మారేడు, చుట్టూ నూరువరహాలు వేయాలని ఆలోచన. పక్కన నిమ్మనారు పోసిన రైతు వద్దంటున్నారు. ఆ మాటలో న్యాయం ఉందా?

నిమ్మకాయ: ఎందుకు లేదు? నిమ్మ సీతాకోకచిలుక లేత చిగురు మీదే గుడ్డు పెడతాది, ఒక్కోచోట ఒక్కోటి. మూడు నాలుగు రోజుల్లో పురుగు. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్ట, పెద్దదైతే ఆకుపచ్చ, ఆకుల్లో కనపడి చావదు. నారుమొక్కకు నాలుగు పురుగులు పడితే ఈనెలే మిగిలేది. దానికి కరివేపాకు, మారేడు కూడా మేతే.

తూనీగ: పురుగు సంగతి నిజమే అన్నా, లెక్కే తేడా. చుట్టూ వందల నిమ్మచెట్లు చిగురేస్తుంటే నాలుగు కరివేపాకులతో పెరిగేదెంత? కాపుకొచ్చిన చెట్టు నాలుగు చిగుళ్ళు పోయినా తట్టుకుంటుంది. భయం నారుకీ, లేత మొక్కలకీనే. నారుమడికి దోమతెర కట్టి అంచులు మట్టితో మూసేస్తే గుడ్డే పడదు. బయటి మొక్కల మీద చేత్తో ఏరేయొచ్చు. తాకగానే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికి చాచి కంపు కొడుతుంది. కుట్టదు.

నిమ్మకాయ: ఏరే కూలి ఎవరిస్తారు? వానలకు తోటంతా ఒక్కసారే చిగురేస్తాది. బీటీ పొడి (గొంగళి పురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు) లీటరుకు గ్రాము కలిపి కొట్టాల్సిందే గదా.

తూనీగ: కొట్టండి, కానీ సాయంత్రం. ఎండకు దాని పస పోతుంది. పురుగు చిన్నగా ఉన్నప్పుడే పనిచేస్తుంది, వేలంత అయ్యాక దండగ. ఒకటి మాత్రం చూసుకోవాలి: బీటీ మంచి గొంగళి, చెడ్డ గొంగళి అని చూడదు. గాలి ఇటు తిరిగితే పెరట్లోవీ పోతాయి.

నల్లరేగడి: అసలీ గొడవంతా కరివేపాకు మీద ఎందుకు? మన చేలల్లో కలుపని పీకేసే గాడిదగడప వేయండి, ఎర్రటి ఒళ్ళున్న నల్ల సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. ఆ పురుగు నిమ్మాకు ముట్టదు. అయితే ఆకు విషం, మేకలకు అందనీయొద్దు. కంచె వారన ఒక జిల్లేడు ఉంచండి, అదీ గొంగళి మేతే, పాలు కంట్లో పడకుండా జాగ్రత్త. రేలచెట్టును ఏడెనిమిది అడుగుల దగ్గరే కత్తిరిస్తుంటే చిగురు వస్తూనే ఉంటుంది, లేతపసుపు చిలుకలు వాలతాయి. నూరువరహాలు ముఖ్యంగా తేనెకే. పూలు మాత్రమే వేసినవాళ్ళ పెరట్లో చిలుకలు తాగి పోతాయి, అంతే.

మిద్దెతోట: మరి కూరకైనా ఒక్క కరివేపాకు?

తూనీగ: నర్సరీ మొక్క తేవద్దు. వేరు నుంచి ఎక్కే మందు పోసి ఉంటే కొత్త చిగురులోనూ ఉంటుంది, తిన్న పురుగు చస్తుంది. పండిన నల్లకాయల గుజ్జు కడిగేసి, ఆరిపోకముందే విత్తండి. ఎండబెట్టి దాచిన గింజ మొలవదు.

నిమ్మకాయ: ఒక్కటైతే పెట్టుకోండి. నారుమడి వైపు గాక ఇంటికి అవతల పెట్టండి. మారేడు మాత్రం వద్దు. మేం మందు కొట్టే ముందు గోడ మీంచి కేకేస్తాం, జిల్లేడుకు గోనెపట్ట కప్పుకోండి.