వయసు మళ్లడం, ముదిమి దించడం

ప్రశ్న: కాలయాత్ర కథ ఒకటి రాస్తూ ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. కథానాయకుడు 1163లో వేయిస్తంభాల గుడి కడుతున్న రోజులకు వెళ్తాడు. అక్కడ ఇరవై ఏళ్లు గడిపి, బయలుదేరిన మర్నాడే హనుమకొండలో దిగుతాడు. రాత్రికి రాత్రి జుట్టు నెరిస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు కదా, అందుకని తిరిగొచ్చే ముందు యౌవనం తెచ్చే చికిత్స చేయించుకుంటాడు. దాన్ని ‘వయసు మళ్లింపు’ అన్నాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. మళ్లడమంటే వెనక్కి తిరగడమే, ‘మళ్లీ’ కూడా అందులోంచి వచ్చిందే. కానీ గోడ నీడ బావిగట్టును తాకగానే మా నాయనమ్మ “పొద్దు మళ్లింది” అంటూ ఆరబోసిన మిరపకాయలు ఎత్తేది. వయసూ అలాగే మళ్లుతుంది. ఇక్కడ వయసంటే ఏళ్ల లెక్క కాదు, ‘వయసులో ఉన్న పిల్లవాడు’ అన్నప్పటి వయసు. అది మళ్లితే మిగిలేది ముసలితనమే. మీ మాట చదివినవారికి అర్థం తలకిందులవుతుంది.

ప్రశ్న: జర అంటే సంస్కృతంలో ముసలితనమే కదా, మరి ‘జర తొలగింపు’?

జవాబు: పుస్తకంలో బాగుంటుంది. మన వరంగల్‌లో మాత్రం “జర ఆగండి” అనే ఉర్దూ జర ముందు చెవిన పడుతుంది. కొంచెమే తొలగించారేమో అనుకుంటారు.

నాకు దారి చూపింది బమ్మెర పోతన భాగవతం, నవమ స్కంధం. కకుద్మి అనే రాజు తన కూతురు రేవతితో బ్రహ్మలోకానికి వెళ్లి కాసేపు పాట విని వచ్చేసరికి భూమిమీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి. ఆ స్కంధంలోనే చ్యవనుడనే ముసలి ముని మడుగులో మునిగి పడుచువాడై లేస్తాడు, యయాతి అనే రాజు తన ముసలితనాన్ని కొడుకు పూరువుకు ఇచ్చేస్తాడు. మీ కథకు కావలసిన రెండూ అక్కడున్నాయి! యయాతి కథ గమనించండి. చేతులు మారింది ముసలితనమే, అతడు బతికిన ఏళ్లు అతడివే. మీవాడి సంగతీ అంతే.

ముసలితనానికి మనకు ‘ముదిమి’ ఉంది. ముదురు, ముదుసలి దాని చుట్టాలే. జ్వరం దిగుతుంది, విషం దిగుతుంది, దిష్టి దించుతాం. ముదిమినీ దించవచ్చు. మీవాడు అలాంటి యాత్రలు రెండు చేశాడనుకుని ఇలా రాసి చూడండి:

“కాగితాల్లో అతడికి ముప్ఫై అయిదేళ్లు. బతికినవి డెబ్బై అయిదు. రెండుసార్లు ముదిమి దించుకున్నాడు.”