నైట్రైడింగ్ చేయించిన 316 స్లీవ్‌కు తుప్పు ఎందుకు పట్టింది?

ప్రశ్న (చిత్తూరు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మెయింటెనెన్స్):
గుజ్జు పంపు షాఫ్ట్ మీది 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ (షాఫ్ట్‌కు తొడిగే గొట్టం), లీకు కాకుండా దాని చుట్టూ బిగించే గ్లాండ్ ప్యాకింగ్ రాపిడికి ఒక్క సీజన్‌లోనే గాడి పడుతోందని, ఈసారి బయట నైట్రైడింగ్ (వేడిలో ఉపరితలంలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) చేయించాము. అరుగుదల తగ్గింది. అయితే బెంగళూరా కాయలు ఆడడం మొదలై మూడు వారాలు కాకముందే, క్లోరిన్ నీళ్లు తగిలే చోట ఆవగింజంత గోధుమరంగు మచ్చలు కనిపించాయి. గోరుతో గీకితే గుంటలు తగులుతున్నాయి. గట్టిదనం కావాలంటే స్టెయిన్‌లెస్ గుణాన్ని వదులుకోవలసిందేనా?

జవాబు (రేణిగుంట, మెషిన్ షాప్):
అవసరం లేదండీ. ఎంత వేడిలో చేశారన్నదే అసలు సంగతి. తుప్పును ఆపేది ఉపరితలం మీద నిలిచే అతి పల్చని క్రోమియం ఆక్సైడ్ పొర. అది నిలవాలంటే లోహంలో కరిగి ఉన్న క్రోమియం కనీసం 10.5 శాతం ఉండాలి. 500 డిగ్రీలు దాటిన మామూలు నైట్రైడింగ్‌లో, లోపలికి వెళ్లిన నైట్రోజన్ క్రోమియంతో కలిసి నైట్రైడ్ రేణువులుగా విడిపోతుంది. ఆ రేణువుల వల్లనే గట్టిదనం వస్తుంది గాని, వాటి చుట్టూ ఉన్న లోహానికి క్రోమియం కరువవుతుంది. రిపోర్టులో ఉష్ణోగ్రత చూశారా?

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడే తీసి చూశాను. 540 డిగ్రీలు, 20 గంటలు అని ఉంది. మేము ఆర్డరులో గట్టిదనం ఒక్కటే రాశాము. ఉన్న స్లీవ్‌లను నైట్రిక్ యాసిడ్‌తో పాసివేషన్ (ఆ రక్షణ పొర మళ్లీ ఏర్పడేలా చేసే శుద్ధి) చేయిస్తే బాగుపడతాయా?

జవాబు (తిరుపతి, మెటలర్జీ అధ్యాపకుడు):
బాగుపడవు. నైట్రైడ్‌లో చిక్కుకున్న క్రోమియాన్ని యాసిడ్ విడిపించలేదు, పైగా క్రోమియం తగ్గిన ఆ పొరను అదే తినేయవచ్చు. తినే పదార్థం తగిలే భాగాలు కాబట్టి వాటిని మార్చడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

కొత్తవాటికి 450 డిగ్రీల లోపు ప్లాస్మా నైట్రైడింగ్ (విద్యుత్తుతో అయాన్లుగా మార్చిన వాయువుతో చేసేది) అడగండి. ఆ వేడికి క్రోమియం పరమాణువులు దాదాపుగా కదలలేవు, చిన్నవైన నైట్రోజన్ పరమాణువులు మాత్రం స్ఫటికం సందుల్లోకి దూరి దాన్ని ఉబ్బిస్తాయి; దీన్నే ఎస్ ఫేజ్ అంటారు. సుమారు 200 వికర్స్ (గట్టిదనం కొలత) ఉండే ఉపరితలం 1000 దాటుతుంది, క్రోమియం కరిగే ఉంటుంది కనుక క్లోరైడ్ గుంటలను తట్టుకునే శక్తి తగ్గదు, సరిగా చేస్తే పెరుగుతుంది కూడా. పొర మందం సాధారణంగా 10 నుంచి 20 మైక్రాన్లే ఉంటుంది కాబట్టి గ్రైండింగ్ అంతా ముందే ముగించి, తుది సైజుకు తెచ్చాకే పంపండి. ఆర్డరులో గట్టిదనం పక్కనే గరిష్ఠ ఉష్ణోగ్రత కూడా రాయించండి.