పాత పీసీలన్నిటినీ ఒకే కంప్యూటర్‌లా కలపడం ఇప్పుడు పనికొస్తుందా?

కావలి ల్యాబ్: మా కాలేజీలో 12 పాత పీసీలున్నాయి. హార్డ్‌డిస్కులు పాడైపోతే తీసేశాం. అన్నీ నెట్‌వర్క్ నుంచే బూటై, సర్వర్‌లోని ఒకే రూట్ ఫోల్డర్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా వాడుకుంటాయి. వీటిని ఓపెన్‌మోసిక్స్‌తో (చాలా లినక్స్ మెషీన్లను ఒక్కటిగా చూపే పాత సాఫ్ట్‌వేర్) కలిపి పిల్లలకు ఒకే పెద్ద మెషీన్‌లా ఇవ్వాలని మా సార్ పట్టుదల. నాకు ధైర్యం చాలట్లేదు. మీరేమంటారు?

నెల్లూరు పాతకాపు: సార్ చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. నేను అప్పట్లో వాడాను. ప్రోగ్రామ్‌లో ఒక్క లైను మార్చక్కర్లేదు. ఒక మెషీన్‌లో పది పనులు వదిలితే, లోడ్ చూసుకుని అవే పక్క మెషీన్లకు సర్దుకునేవి. అది కాదని పిల్లలకు ఎంపీఐ (మెషీన్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునేలా ప్రోగ్రామ్ రాసే పద్ధతి) నేర్పేసరికి సెమిస్టర్ గడిచిపోతుంది.

ఒంగోలు అడ్మిన్: అన్నా, మీ అనుభవాన్ని కాదనను. నా అభ్యంతరమల్లా ఫైళ్ల దగ్గరే. ఓపెన్‌మోసిక్స్‌లో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) పక్క మెషీన్‌కు పోయినా, దాని ఫైలు పనులు మామూలుగా పుట్టిన మెషీన్‌కే తిరిగొస్తాయి. అక్కడ డిస్క్ లేదు కాబట్టి మళ్లీ ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కు పోవాలి. అంటే ఒకే డేటా రెండుసార్లు వైరు మీద నడుస్తుంది. 100 ఎంబీపీఎస్ స్విచ్ ఎంత గింజుకున్నా సెకనుకు 12 మెగాబైట్లు దాటదు. ఈ తిప్పట తప్పించే ఏర్పాటు ఉండేది గానీ, ఒకరు రాసింది మరొకరికి వెంటనే కనబడే ఫైల్ సిస్టమ్ దానికి కావాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ ఆ హామీ ఇవ్వదు. రాసినవాడు ఫైలు మూశాక, చదివేవాడు కొత్తగా తెరిస్తేనే తాజా డేటా గ్యారంటీ.

ఇంకో మాట. మొన్న వేసవిలో మా సర్వర్ ప్లగ్ ఎవరి కాలికో తగిలి ఊడింది. ఏడు స్క్రీన్ల మీదా 'సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్' అన్న లైనే. గుండె ఆగినంత పనైంది. సర్వర్ లేచాక 'ఓకే' అని వచ్చి, లెక్కలు ఆగినచోటు నుంచే సాగాయి. ఎన్‌ఎఫ్‌ఎస్‌ను హార్డ్ మౌంట్ (సర్వర్ తిరిగొచ్చేదాకా అడుగుతూనే ఉండే సెట్టింగ్) చేసిన మేలది. అదే వలసపోయిన ప్రాసెస్ అయితే, పుట్టిన మెషీన్ పోయినా చస్తుంది, నడుస్తున్న మెషీన్ పోయినా చస్తుంది.

నెల్లూరు పాతకాపు: స్విచ్ గిగాబిట్‌కు మారిస్తే?

ఒంగోలు అడ్మిన్: వేగం పెరుగుతుంది, ఆ చావు మాత్రం తప్పదన్నా. పైగా ఓపెన్‌మోసిక్స్ 2008 మార్చిలోనే మూతపడింది. దాని స్థిరమైన వెర్షన్ లినక్స్ 2.4 కెర్నల్‌ది (కెర్నల్ అంటే ఓఎస్ గుండెకాయ). అలాంటి సాఫ్ట్‌వేరే కెరిగెడ్, అది కూడా 2.6.30 కెర్నల్ దగ్గర ఆగింది. సెక్యూరిటీ ప్యాచ్‌లు లేని కెర్నల్‌ను పిల్లల చేతికి ఎలా ఇస్తాం? కావలి తమ్ముడూ, అసలు మీ పనేంటి?

కావలి ల్యాబ్: రొయ్యల చెరువుల శాటిలైట్ ఫొటోలు. ముక్కలు చేసి, ఏ ముక్కకా ముక్క విడిగా లెక్క కడతాం.

ఒంగోలు అడ్మిన్: అయితే ఒకే మెషీన్‌లా కలపాల్సిన అవసరమే లేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ రూట్‌ను చదవడానికి మాత్రమే ఉంచి, పైన స్లర్మ్ (పనులను క్యూలో పెట్టి మెషీన్లకు పంచే సాఫ్ట్‌వేర్) పెట్టండి. పిల్లలు ఒక చిన్న స్క్రిప్ట్ రాస్తే చాలు, క్యూలో పడి ఖాళీ ఉన్న మెషీన్‌కు అదే పోతుంది.

నెల్లూరు పాతకాపు: ముక్కలు విడివిడి అంటే నేనూ ఒప్పుకుంటా. కానీ రెండు మెషీన్లు బయటి ఇంటర్నెట్ లేకుండా విడిగా పెట్టి, మీ సార్‌తో ఓపెన్‌మోసిక్స్ చూపించమను తమ్ముడూ. నడుస్తున్న ప్రాసెస్ ఇల్లు మారడం పిల్లలు కళ్లారా చూడాలి.

కావలి ల్యాబ్: సరే అన్నా. పది స్లర్మ్‌కు, రెండు సార్‌కు. రేపే అడుగుతా.