విజయవాడ ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కయాక్‌లు వేసేవాళ్లను ఎవరిష్టానికి వాళ్లను వదలొచ్చా?

భవానీపురం వాకర్: పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం దాకా సొంత కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, తిరిగేవాళ్లని పొద్దున పూట వదిలేయాలంటాను. ఎవరి తెడ్డు వాళ్లది. మోటారు మోత లేదు, డీజిలు వాసన లేదు. నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి. వెంట రెస్క్యూ బోటు ఉండాల్సిందే అంటే ఆ ఖర్చు ఎవడు పెట్టుకుంటాడు?

సత్యనారాయణపురం: 2017 నవంబరు 12 మర్చిపోయారా? ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. అడిగే నాథుడు లేకపోతే మళ్లీ అదే.

భవానీపురం వాకర్: అది పట్టేదానికంటే ఎక్కువ మందిని ఎక్కించిన పడవండీ. ఒక్కడు కూర్చునే కయాక్‌కి దాన్ని అంటగడితే ఎలా?

సీతానగరం రేవు: మాది వల మీద బతికే ఇల్లు. ఆ నీళ్లు వాటంతటవి నిలబడలేదండీ. 1957లో కట్టిన బ్యారేజీ 70 గేట్లు దించి 12 అడుగుల మట్టాన ఆపితే నిలబడ్డాయి. పైనున్న పులిచింతల డ్యాం నుంచి నీళ్లొదిలితే ఇక్కడ గేట్లెత్తుతారు. పైకి ఏమీ తెలీదు. తెడ్డు ఆపి చూడండి, పడవ ముక్కు మెల్లగా గేట్ల వైపు తిరుగుతుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు పెద్ద పెద్ద పడవలే కొట్టుకొచ్చి గేట్లకు గుద్దుకున్నాయి, గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు, అదే కౌంటర్ వెయిట్లు, దెబ్బతిన్నాయి. రేసు కయాక్ బరువెంత, 12 కిలోలు! గేట్లెత్తిన రోజు రెస్క్యూ బోటున్నా సరే, ఎవరూ దిగకూడదు. మూసిన రోజు లైఫ్ జాకెట్ వేసుకుని దిగండి, కాకపోతే కాలవల తూముల వైపు పోవద్దు, అక్కడ లాగుడుంటుంది. ఘాట్ మెట్ల దగ్గర బోర్డు పెట్టి గేట్ల సంగతి రోజూ రాస్తే చాలు, ఇంత గొడవ అక్కర్లేదు.

ఇంకోటి. థర్మాకోల్ ముక్కలు వరసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టు. కయాక్ చుక్కాని నైలాన్ దారానికి చిక్కుకుంటే కొందరు వల కోసేసి పోతున్నారు. దాని ఖరీదు ఎవరిస్తారు?

గవర్నర్‌పేట: బందరు కాలవలో వేసుకోవచ్చుగా?

సీతానగరం రేవు: ఎండాకాలం నీళ్లు కట్టేస్తారు. మిగతా రోజుల్లో గుర్రపు డెక్క, ఊరి మురుగు. మీరు ముందు దిగండి, చూస్తాం.

భవానీపురం వాకర్: గేట్ల షరతుకి సరే. రెస్క్యూ బోటుకి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. వలలు ఎన్నింటికి తీస్తారన్నా?

సీతానగరం రేవు: ఆరున్నరకల్లా. ఆదివారం ఇంకా ముందే, బేరాలుంటాయి.